పటర్ మీద గురి గీత: ముందు కొలత, తర్వాతే గీత

గోల్ఫ్ హోల్ అడ్డకొలత 108 మి.మీ. మధ్య నుంచి అంచుకి 54. పటర్ (బంతిని నేల మీద దొర్లించి హోల్‌లో వేసే కర్ర) ఫేస్, అంటే బంతిని తాకే ముఖం, ఒక్క డిగ్రీ పక్కకి తిరిగి ఉంటే, బంతి పది అడుగులు వెళ్లేసరికి 53 మి.మీ. పక్కకి జరుగుతుంది. అంటే సరిగ్గా అంచు మీదికి. మెల్లగా వెళ్తే పడొచ్చు, కాస్త వేగం ఉంటే అంచు తాకి తిరిగి బయటికొస్తుంది. ఇరవై అడుగుల పట్‌కైతే (పటర్‌తో కొట్టే దెబ్బే పట్) అర డిగ్రీకే అదే గతి. బంతి ఏ దిక్కుగా బయల్దేరాలన్నది ఐదింట నాలుగు వంతులకు పైగా ఫేస్ కోణమే తేలుస్తుంది, స్ట్రోక్ దారి (కొట్టేటప్పుడు పటర్ కదిలే దారి) వాటా కొద్దే.

కాబట్టి హెడ్ (పటర్ కింది దిమ్మ) మీద గీసే గీతకి ఒకటే పని. ఫేస్ ఎటు చూస్తోందో ఆటగాడి కంటికి అర డిగ్రీ లోపు తేడాతో తెలియజేయడం. కొత్తగా పటర్ డిజైన్ చేసేవాళ్లు ఎక్కువగా పొరబడేది వరుసలోనే. ముందు హెడ్ ఆకారం గీస్తారు, దానికి నప్పే గీతలు పెడతారు, చివరికి ఆటగాడి చేతికిస్తారు. ఇది తిరగేసి చేయాల్సిన పని. ఒకే గీతని ఇద్దరు చూస్తే ఒకరికి తిన్నగా, ఇంకొకరికి ఎడమకి కనిపించడం మామూలే. ఆటగాడి కన్ను ఎటు ఒరుగుతుందో తెలియకుండా గీసిన గీత అలంకారమే అవుతుంది.

మొదటి పని: ఆటగాడి గురిని కొలవడం

కావాల్సినవి: ఒక మిల్లీవాట్‌కు మించని ఎర్ర లేజర్ పాయింటర్, 25 × 15 మి.మీ. చిన్న అద్దం ముక్క, పల్చటి డబుల్ సైడ్ టేపు, రెండడుగుల ఎత్తూ వెడల్పూ ఉన్న తెల్ల బోర్డు, రసమట్టం, ఏ గీతా లేని నల్లటి మాలెట్ (వెనక్కి లోతుగా సాగిన పెద్ద హెడ్ ఉన్న) పటర్ ఒకటి, నలుపు, తెలుపు, ఎరుపు వినైల్ టేపు. నేల గట్టిగా, సమంగా ఉండాలి. కార్పెట్ అయినా ఫర్వాలేదు.

1. బోర్డుని నిటారుగా నిలబెట్టి, అడుగు నుంచి 21 మి.మీ. ఎత్తున రంధ్రం చేయండి. బంతి మధ్యభాగం నేల నుంచి ఉండే ఎత్తు అదే. రంధ్రం వెనక లేజర్ బిగించండి. కిరణం నేలకి సమాంతరంగా రావాలి. ఆటగాడికి ఆ రంధ్రమే గురి.

2. రంధ్రం మీదుగా బోర్డు పైవరకు నిలువు గీత గీసి, దానికి రెండు వైపులా 5 మి.మీ.కి ఒకటి చొప్పున గుర్తులు పెట్టండి.

3. పటర్ ఫేస్ మధ్యలో అద్దం అంటించండి. టేపు మందం ఒక చివర 0.1 మి.మీ. ఎక్కువైనా 25 మి.మీ. అద్దం మీద 0.23 డిగ్రీల అబద్ధం చెబుతుంది. అందుకే సగం కొలతలు తీసుకున్నాక అద్దాన్ని టేపుతో సహా తలకిందులుగా తిప్పి అంటించి మిగతావి తీసుకోండి. సగటులో ఆ తేడా కొట్టుకుపోతుంది.

4. ఫేస్‌కీ బోర్డుకీ మధ్య సరిగ్గా 2 మీటర్లు ఉండేలా, కిరణం దారిలోనే బంతి స్థానం గుర్తు పెట్టండి. బంతి పెట్టి, లేజర్ ఆపేసి, ఆటగాడిని గురి చూడమనండి. సరే అన్నాక హెడ్ కదలకుండా బంతి తీసేసి లేజర్ వెలిగించండి.

5. అద్దం మీద పడ్డ వెలుగు తిరిగి బోర్డు మీద చుక్కగా కనిపిస్తుంది. నిలువు గీత నుంచి అది ఎంత పక్కకి ఉందో రాసుకోండి. ఎడమైతే మైనస్, కుడైతే ప్లస్.

ఫేస్ ఎంత తిరిగితే కిరణం అంతకు రెట్టింపు తిరుగుతుంది. రెండు మీటర్ల దగ్గర ఒక డిగ్రీ తప్పు 70 మి.మీ.గా, అర డిగ్రీ 35 మి.మీ.గా కనిపిస్తుంది. చేతి స్కేలుతో కొలిచినా చాలినంత సూక్ష్మం. పటర్ లాఫ్ట్ (ఫేస్ పైకి వాలి ఉండే కోణం) వల్ల చుక్క పైకి లేస్తుంది. 3 డిగ్రీల లాఫ్ట్‌కి దాదాపు 210 మి.మీ. బోర్డు ఎత్తు రెండడుగులు అన్నది ఇందుకే. పైకి ఎంత లేచిందన్నది ఇక్కడ అక్కర్లేదు, పక్క దూరమే కావాలి.

ఒక్కో నమూనాకి పది సార్లు. ప్రతిసారీ ఆటగాడు బంతి వదిలి నాలుగడుగులు నడిచి తిరిగి రావాలి, లేకపోతే మొదటి గురినే పదిసార్లు కొలిచినట్టవుతుంది. చుక్క ఎక్కడ పడిందో అతనికి చూపించకండి. చూస్తే తర్వాతి గురి సర్దుకుంటాడు, మీ లెక్క పాడవుతుంది.

అంకెలు చదవడం: ఒరుగు వేరు, చెదురు వేరు

పది కొలతల సగటు ఒరుగు. అవి ఒకదానికొకటి ఎంత దూరంగా ఉన్నాయన్నది చెదురు. ఉదాహరణకి ఒక నమూనాతో సగటు 42 మి.మీ. ఎడమ, కానీ అన్ని చుక్కలూ 12 మి.మీ. మేరలోనే పడ్డాయి. ఇంకో నమూనాతో సగటు 5 మి.మీ. మాత్రమే, చుక్కలు మాత్రం అటు 60, ఇటు 60. చాలామంది రెండోది ఎంచుకుంటారు. ఎంచుకోవాల్సింది మొదటిది. ఎప్పుడూ 0.6 డిగ్రీలు ఎడమకి చూసే కంటిని హెడ్ మార్పులతో దారికి తేవచ్చు. ఒకసారి అటు, ఒకసారి ఇటు చూసే కంటికి ఆ గీత అర్థమే కావడం లేదు, దాన్ని ఏ సర్దుబాటూ బాగు చేయదు.

గీతనే 0.6 డిగ్రీలు కుడికి తిప్పి గీస్తే పోలేదా అన్న ఆలోచన వస్తుంది. వద్దు. ఫేస్ పై అంచు ఒకటి చెబుతుంది, గీత ఇంకొకటి చెబుతుంది. ఆటగాడు ఒకరోజు దీన్ని, ఒకరోజు దాన్ని నమ్ముతాడు. చెదురు పెరుగుతుంది. గీత ఎప్పుడూ ఫేస్‌కి మూలమట్టంగానే ఉండాలి.

ఒరుగు తగ్గించడానికి ఫిట్టింగ్ (ఆటగాడికి తగ్గట్టు పటర్ సర్దడం) చేసేవాళ్లు మొదట ప్రయత్నించేవి ఇవి. కుడిచేతి ఆటగాడు ఎడమకి గురి చూస్తుంటే వెనక గీతలు తీసేసి పై అంచు మీద చిన్న గుర్తే ఉంచడం, హోసెల్ (షాఫ్ట్, అంటే పటర్ కాడ, హెడ్‌కి కలిసే చోటు) ఆఫ్‌సెట్, అంటే షాఫ్ట్‌కంటే ఫేస్ వెనక్కి ఉండే దూరం, తగ్గించడం. కుడికి చూస్తుంటే వెనక భాగానికి పొడవాటి గీత ఇవ్వడం, ఆఫ్‌సెట్ కొద్దిగా పెంచడం. అందరికీ ఇదే పని చేస్తుందని లేదు. ఒకసారికి ఒక్క మార్పే చేసి, పది కొలతలు మళ్లీ తీయండి.

ఏ నమూనాలు పరీక్షించాలి

నల్ల మాలెట్ మీద వినైల్ టేపుతో అయిదు చాలు: పై అంచు మీద చుక్క; 1.5 మి.మీ. వెడల్పు పొడవాటి ఒంటి గీత; మూడు సమాంతర గీతలు; బంతి వెడల్పుకి సరిపడా 43 మి.మీ. తెల్ల పట్టీ; ఫేస్ వెంట అడ్డంగా తెల్ల పట్టీ. అయిదూ అయిదు రకాలుగా పని చేస్తాయి.

పొడవు ఎందుకు ముఖ్యమో చిన్న లెక్క. గీత ఒక చివర 0.3 మి.మీ. తప్పితే కన్ను పట్టుకోగలదనుకుందాం. 25 మి.మీ. గీత మీద అది 0.7 డిగ్రీల తేడా. 80 మి.మీ. గీత మీద 0.2 డిగ్రీలే. మాలెట్లు గురికి సాయం చేస్తాయన్న పేరు రావడానికి పెద్ద కారణం ఇదే. మనిషి కన్ను రెండు గీతలు ఒకే వరుసలో ఉన్నాయా లేదా అన్నది మామూలు చూపుకంటే ఎన్నో రెట్లు సూక్ష్మంగా పసిగడుతుంది. దీన్నే వెర్నియర్ అక్యుయిటీ అంటారు. 2020లో ఒడిస్సీ కంపెనీ తెచ్చిన ట్రిపుల్ ట్రాక్ పటర్లు ఈ సూత్రం మీదే కట్టినవి. బంతి మీద ఉన్న మూడు గీతలూ పటర్ మీద మూడు గీతలూ ఒకే బారులోకి రావాలి. అంటే బంతి మీద గీత వాడని ఆటగాడికి ఆ డిజైన్‌లో సగం లాభం పోయినట్టే.

అదే కంపెనీ 2001లో తెచ్చిన టూ బాల్ పటర్ వేరే దారి. బంతి సైజులో రెండు తెల్ల వృత్తాలు ఫేస్ వెనక వరుసగా ఉంటాయి, అసలు బంతి మూడోది. మూలం గోల్ఫ్ శిక్షకుడు డేవ్ పెల్జ్ అంతకు ముందే చేసిన మూడు బంతుల పటర్. అది నిబంధనల దగ్గర ఆగిపోయింది. ముందు నుంచి వెనక్కి ఉన్న లోతు, హీల్ (హెడ్‌లో ఆటగాడి వైపు చివర) నుంచి టో (అవతలి చివర) వరకు ఉన్న వెడల్పుకంటే ఎక్కువైంది. మూడు రెండయ్యాక గట్టెక్కింది. ఆకారం గీసేముందే నిబంధన చదవాలని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

గీతలు ఎక్కువైతే గురి బాగుంటుందనుకోవడం కూడా సరికాదు. పొడవాటి గీత ఉన్నప్పుడు కొందరు స్ట్రోక్‌లో దాన్నే చూస్తూ హెడ్‌ని తిన్నగా నడపాలని బిగుసుకుపోతారు. గురి కొలతలో నెగ్గి, బంతి కొట్టినప్పుడు ఓడే నమూనాలు ఇవే.

గీత ఎంత ఎత్తున ఉండాలి

డ్రాయింగ్‌లో ఎవరికీ కనిపించని తప్పు ఇక్కడే దాక్కుంటుంది. ఆటగాడి కళ్లు నేల నుంచి దాదాపు 1.4 మీటర్ల ఎత్తున ఉంటాయి. చాలామందికి అవి బంతికి సరిగ్గా పైన కాకుండా కాళ్ల వైపు కొంచెం లోపలికి ఉంటాయి. 50 మి.మీ. లోపలికి అనుకుందాం. గీత మొదలు 25 మి.మీ. ఎత్తున పై అంచు మీద, చివర 5 మి.మీ. ఎత్తున వెనక ఫ్లాంజ్ (వెనక్కి సాగిన పలక) మీద ఉందనుకుందాం. పక్క నుంచి చూసే కంటికి ఎత్తుగా ఉన్న బిందువు ఆటగాడి నుంచి అవతలికి జరిగినట్టు కనిపిస్తుంది. ఎంతంటే 50 × 20 ÷ 1400, అంటే 0.7 మి.మీ. 90 మి.మీ. పొడవు మీద అది 0.45 డిగ్రీలు. గీత ఫేస్‌కి ఖచ్చితంగా మూలమట్టంగా ఉన్నా, కుడిచేతి ఆటగాడికి కుడికి తిరిగినట్టు కనిపిస్తుంది. అతను దాన్ని తిన్నగా చేయబోయి ఫేస్‌ని ఎడమకి మూస్తాడు. పైన మనం పెట్టుకున్న అర డిగ్రీ హద్దు దాదాపు అక్కడికే ఖర్చయింది.

మందు తేలిక. గీత మొత్తాన్నీ ఒకే ఎత్తులో ఉంచండి, వీలైతే నేల నుంచి 21 మి.మీ. దగ్గర. బంతి మధ్యభాగం ఎత్తూ అదే కాబట్టి, కళ్లు ఎక్కడున్నా గీతా బంతి మధ్యా ఒకే లెక్కన జరుగుతాయి. మెట్లుగా దిగే క్రౌన్ (హెడ్ పైభాగం) మీద గీతను ముక్కలుగా గీయాల్సి వస్తే, ఒక్క మెట్టు మీదే గీసి మిగతావి వదిలేయండి.

ఇదే దృష్టిభేదాన్ని కావాలని వాడుకున్నది సీమోర్ పటర్. షాఫ్ట్ కింది భాగం నలుపు, దాని పక్కన క్రౌన్ మీద ఎర్ర చుక్క, రెండు తెల్ల గీతలు. కళ్లూ చేతులూ సరైన చోట ఉంటే షాఫ్ట్ ఆ చుక్కని కప్పేస్తుంది. చుక్క కనిపించిందంటే నిలబడిన తీరే తప్పు. అమెరికా ఆటగాడు పేన్ స్టూవర్ట్ 1999 యూఎస్ ఓపెన్ గెలిచింది ఈ పటర్‌తోనే. గురి కొలతల్లో చెదురు తగ్గని ఆటగాడికి గీత మార్చేముందు ఇలాంటి నిలబడే తీరు గుర్తు ఇచ్చి చూడటం మంచిది. రోజుకో చోట తల పెట్టేవాడికి ఏ గీతా ఒకేలా కనిపించదు.

హెడ్ లెక్క

నమూనా తేలాకే హెడ్. 350 గ్రాముల మాలెట్‌కి పని చేసే ఒక కొలత ఇది, 6061 అల్యూమినియంలో (సాంద్రత 2.7).

ఫేస్ దిమ్మ 95 × 22 × 12 మి.మీ., 68 గ్రాములు. దాని వెనక మధ్య పలక 43 × 58 × 8, 54 గ్రాములు, పైభాగం 21 మి.మీ. ఎత్తున. పలకకి రెండు వైపులా 20 మి.మీ. వెడల్పు, 58 పొడవు ఉన్న రెక్కలు, పలకతో సమంగా పైభాగం ఉండాలి. అడుగు నుంచి పాకెట్ తీసి ఒక్కోటి 50 గ్రాములకి దించండి. హోసెల్, స్క్రూలకి 15. మొత్తం 237. ఇంకా 113 గ్రాములు కావాలి. 12 మి.మీ. లావు టంగ్‌స్టన్ మిశ్రమం కడ్డీలు (సాంద్రత 17 దగ్గర) రెండు రెక్కల్లోకి వెనక నుంచి దించితే, తీసేసిన అల్యూమినియం పోను సీసీకి 14.3 గ్రాములు కలుస్తాయి. ఒక్కో కడ్డీ 35 మి.మీ. పొడవుంటే లెక్క సరిపోతుంది. టంగ్‌స్టన్ దొరక్కపోతే స్టెయిన్‌లెస్ వాడొచ్చు, కానీ సీసీకి 5.3 గ్రాములే కలుస్తాయి కాబట్టి రెక్కలు పెంచాలి.

ఇందులో లోతు 70, వెడల్పు 95. గోల్ఫ్ నిబంధనలు రాసే సంస్థలు ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏల లెక్క ప్రకారం వెడల్పు లోతుకంటే ఎక్కువుండాలి, 7 అంగుళాలు మించకూడదు. ఫేస్ వెడల్పు లోతులో మూడింట రెండు వంతులకీ, మొత్తం వెడల్పులో సగానికీ తగ్గకూడదు. సోల్ (అడుగు భాగం) నుంచి క్రౌన్ వరకు రెండున్నర అంగుళాలు, లాఫ్ట్ 10 డిగ్రీలు దాటకూడదు. షాఫ్ట్ నిలువు నుంచి కనీసం 10 డిగ్రీలు వాలి ఉండాలి. బ్యాటరీతో వెలిగే లేజర్ పెట్టాలన్న ఆశ ఉంటే అది ప్రాక్టీస్ పటర్‌కే.

గీత హెడ్ బరువు కేంద్రానికి ఎదురుగా ఉండాలి, ఆకారం మధ్యలో కాదు. షాఫ్ట్‌ని రెండు వేళ్లతో వదులుగా పట్టుకుని, ఫేస్ మీద పెన్సిల్ వెనక భాగంతో తట్టుకుంటూ పోండి. హెడ్ మెలి తిరగకుండా వెనక్కి ఊగే చోటే బంతి తగలాల్సింది. గీత నుంచి అది 2 మి.మీ. టో వైపు ఉందంటే గీత జరపకండి, హీల్ వైపు కడ్డీ బరువు పెంచండి.

మిల్లింగ్, రంగు

హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల వైపు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో లోహం కోసే) షాపులకి ఇస్తే డ్రాయింగ్ మీద రెండు విషయాలు రాసి ఇవ్వండి. ఒకటి, గీతకీ ఫేస్‌కీ మధ్య కోణం 90 డిగ్రీలు, హద్దు 0.1 డిగ్రీ. 60 మి.మీ. గీత మీద అది 0.1 మి.మీ. రెండు, ఫేస్ ఫినిషింగ్ కట్, గీత కట్ ఒకే బిగింపులో చేయాలి. ముక్క విప్పి మళ్లీ బిగిస్తే ఆ హద్దు నిలబడదు. గాడి వెడల్పు 1.2 నుంచి 1.5 మి.మీ., లోతు 0.5. అంతకన్నా పల్చగా ఉంటే రంగు తుడిచేటప్పుడు లేచిపోతుంది.

పైభాగానికి సన్న గ్లాస్ బీడ్ బ్లాస్టింగ్ (గాజు పూసలు చిమ్మి మెరుపు తగ్గించడం) చేసి నల్ల అనోడైజింగ్ చేయించండి. పాలిష్ చేసిన క్రౌన్ మధ్యాహ్నపు ఎండలో అద్దంలా మెరుస్తుంది, మెరుపు మధ్యలో గీత కనపడదు. బ్లాస్టింగ్ అప్పుడు ఫేస్ అంచునీ గాడినీ మాస్క్ చేయాలి, లేకపోతే అంచులు మొద్దుబారతాయి.

రంగు నింపడం: గాడిని అసిటోన్‌తో తుడిచి ఆరనివ్వండి. ఎనామిల్ రంగుని సిరంజితో గాడి అంచుకంటే కాస్త ఉబ్బుగా నింపండి. పూర్తిగా ఆరాక, నూలు గుడ్డని చదును చెక్కకి బిగుతుగా చుట్టి, అసిటోన్ కొద్దిగా తడిపి, గాడికి అడ్డంగా ఒకే దిక్కుగా లాగండి. గుడ్డ వేలికి చుట్టి తుడిస్తే వేలు గాడిలోకి దిగి రంగుని లాగేస్తుంది, గీత అంచు వంకరగా కనిపిస్తుంది.

మళ్లీ కొలత

తయారైన పటర్‌తో పది గురి కొలతలు, తర్వాత పది అడుగుల సమతల పట్‌లు ఇరవై. టేపు నమూనాతో వచ్చిన చెదురుకి దగ్గరగా రాకపోతే ఈ వరుసలో వెతకండి.

అన్ని కొలతలూ ఒకే వైపు అర డిగ్రీ పైన జరిగితే ముందు హోసెల్ చూడండి. టేపు పరీక్షలో వాడిన పటర్ ఆఫ్‌సెట్ వేరైతే ఒరుగు మారడం సహజం. తర్వాత గీత ఎత్తు. గురి బాగున్నా బంతి ఎడమకే బయల్దేరుతుంటే లై (షాఫ్ట్ నేలతో చేసే కోణం) చూడండి. టో 5 డిగ్రీలు లేచి ఉంటే 3 డిగ్రీల లాఫ్ట్ వల్ల ఫేస్ పావు డిగ్రీ ఎడమకి చూస్తుంది. చెదురు పెరిగితే హెడ్ మీద గీతకి పోటీగా ఉన్నవేవో చూడండి: మెరిసే స్క్రూలు, కంపెనీ పేరు, మలుపు తిరిగిన వెనక అంచు. నల్ల టేపుతో ఒక్కోటీ కప్పి కొలవండి. ఏది కప్పగానే చుక్కలు దగ్గరపడ్డాయో, తర్వాతి హెడ్‌లో దాన్ని తీసేయండి. పోటీలకి వాడే ఉద్దేశం ఉంటే, ఆ తుది హెడ్‌నే మచ్చుకి ఆర్ అండ్ ఏకి పంపి దాని నిర్ణయం తీసుకోండి. అమెరికా, మెక్సికోలు తప్ప మిగతా దేశాలకి పరికరాల మీద మాట దానిదే.